ఇతరములు

మార్టూరులో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఆశా కార్యకర్త ఫోన్లో ఒక చావు వివరాలు ఎక్కిస్తోంది. పోయినవాడు రాళ్లకు పాలిష్ పట్టేవాడట, దగ్గి దగ్గి పోయాడట.

“రాతి దుమ్మని పెట్టటానికి యాప్‌లో గడే లేదండీ. టీబీ కాదన్నారు. ఇట్టాంటోళ్లందర్నీ ‘ఇతరములు’లో వేస్తన్నా” అంది.

ఒళ్లో ఉన్న రిజిస్టరు చివరి పేజీ తిప్పింది. అందులో మాత్రం అందరి పేర్లూ రాసుకుంది. ఆఖరి పేరు మీద వేలు ఆపింది.

“ఇప్పుడెక్కించింది ఇతన్నే. మా తమ్ముడు.”

రిజిస్టరు మూసి, “మీరేం చేస్తారండీ?” అనడిగింది.

“కంప్యూటర్ పనండీ” అన్నాను.

ఆశా కార్యకర్తల ఫోన్లలోంచి వచ్చే లెక్కలు చూసే డేటా టీముకు పెద్దని నేను. గ్రాఫు శుభ్రంగా కనపడాలని నెలనెలా ‘ఇతరములు’ తీసేయించేదీ నేనే.