ఏ గదిలో?

ఈ ఉదయం మా అమ్మాయి బడి గేటు దగ్గర ఎవరో డస్టర్లు గోడకేసి కొట్టారు. ఆ చాక్‌పీసు పొడి ముక్కులో పడగానే సత్యవతి టీచరు నా ఎదుట నిలబడినట్టయింది. నాకు రాయడం సరిగా రాదు. నేను చెబుతుంటే మా నస్రీన్ రాస్తోంది. తప్పులుంటే దానివే.

వన్ టౌన్‌లో మా సందు చివర రెండు గదుల ఉర్దూ బడి ఉండేది. మా ఆయన పోర్టు పనిలో పోయాక నస్రీన్‌ను అక్కడే వేశాను. ఇంట్లో మాటే బళ్లోనూ ఉంటే తండ్రి లేని పిల్లకు కాస్త ధైర్యం కదా. అంతలో పైనుంచి ఏవో మార్పులొచ్చాయని ఉర్దూ మాస్టారిని పంపేసి, గోదావరి వైపు నుంచి వచ్చిన తెలుగు చెప్పే ఈ సత్యవతి టీచరును వేశారు. బడి మూయడానికే వచ్చిందనుకున్నాను. పూర్ణా మార్కెట్‌కు వెల్లుల్లి వలిచే పనికి పోయే ముందు, రోజూ కిటికీలోంచి కనిపెట్టి చూసేదాన్ని.

ఒకరోజు ఆవిడే కిటికీ దగ్గరికొచ్చింది. "ఏం చూస్తున్నారమ్మా?"

"పిల్లలకి ఏటి నేర్పుతన్నారో సూత్తన్నాను. మా మాట మరిపించీత్తారేమోనని."

ఆవిడకు కోపం రాలేదు. "అనుమానం మంచిదేనండి. కానీ కిటికీలోంచి సగమే కనపడుద్ది. లోపలికొచ్చి వెనక కూర్చోండి."

కూర్చున్నాను. ఒక్కో వస్తువూ చూపించి, "మీ ఇంట్లో దీన్నేమంటారర్రా?" అని అడిగి, పిల్లలు చెప్పింది తనూ పలికేది. వంకరగా పలికితే పిల్లలు పకపకా నవ్వేవారు. నేను నవ్వలేదు. నటనేమో, ఎవరికి తెలుసు? మర్నాడూ వెళ్లి కూర్చున్నాను. ఆ మర్నాడూ.

ఒకసారి ఆఫీసరు వచ్చి, నన్ను చూసి, "ఎవరీవిడ?" అన్నాడు.

"మా బడిని నమ్మనావిడండి. అందుకే రోజూ వస్తారు," అంది టీచరు.

ఆయన తల్లులందరినీ పోగుచేశాడు. ఈ బడిని మెయిన్ రోడ్డు అవతలి పెద్ద బడిలో కలుపుతామన్నాడు. అక్కడ కంప్యూటర్లుంటాయి, ఉర్దూ కూడా ఉంటుందని తియ్యగా చెప్పాడు. అందరూ తలూపారు. టీచరు నా చెవి దగ్గర వంగి, "ఉర్దూ ఏ గదిలోనో అడగండి. నేనడిగితే నోరు మూయిస్తారు. మీరు తల్లి," అంది.

లేచాను. "ఏ గదిలో సారూ?"

"అవన్నీ మేం చూసుకుంటాంలేమ్మా."

"సూసుకుందురు గానీ, ఏ గదిలో?"

ఆయన వాచీ చూసుకున్నాడు.

బడి పోయింది. టీచరును వేరే ఊరు వేశారు. "అడగడం మానకండి," అని మాత్రం చెప్పి బస్సెక్కింది. పెద్ద బళ్లో ఉర్దూకు రోజుకో గంట ఇచ్చారు, గది ఇవ్వలేదు. పిల్లలు మెట్ల కింద కూర్చునేవారు. నేను రోజూ గేటు దగ్గర అదే మాట అడిగేదాన్ని. "అదిగో, ఏ గది అక్క వచ్చీసింది!" అని వాచ్‌మన్ ఎగతాళి చేసేవాడు.

ఈ ఉదయం హెడ్మాస్టరే స్వయంగా లోపలికి తీసుకెళ్లాడు. గది, బల్లలు, బోర్డు. ముందు బల్లలో మా నస్రీన్ ఉర్దూ చదువుతోంది.

"ఇప్పుడు సంతోషమేనామ్మా?"

చివరి బల్ల మీద కూర్చుని నాలుగు మూలలూ చూశాను.

"బాగుంది సారూ. తాళం ఎవరి దగ్గరుంటాది?"