కోచ్ గారు వచ్చిన ఏడు

కోచ్ గారు పోయారన్న కబురు మా బావగారు తెచ్చారు. బావగారంటే మా అక్క భర్త. సైకిలుకి స్టాండు కూడా వేయకుండా గోడకి ఆనించి, "అబ్బాయ్, కోచ్ గారు పోయేరు. తెల్లారుగట్టట. గుండె" అన్నారు. నేను పెరట్లో కొబ్బరికాయలు వలుస్తున్నాను. "ఆయ్" అన్నాను. చేతిలో ఉన్న కాయ వలిచేశాను. తరవాత ఇంకోటి కూడా వలిచాను. దుఃఖంతో అలా చేశానని చెప్పలేను. నాకేమీ అనిపించలేదు. వారమైంది, ఇప్పటికీ అంతే. రాస్తే ఏమైనా అనిపిస్తుందేమోనని రాస్తున్నాను.

మీలో చాలామందికి ఆయన తెలియదు. పేపర్లో పడే మనిషి కాదు. డెబ్బైల మధ్యలో, రాజోలు దగ్గర మా ఊరి ఫుట్‌బాల్ జట్టు దాదాపు చచ్చిపోయింది. ఒకప్పుడు మంచి జట్టే. కోనసీమలో ఎక్కడ టోర్నమెంటు పెట్టినా మాకు పిలుపు వచ్చేది. తరవాత కొందరు ఉద్యోగాలకి పోయారు, కొందరికి మోకాళ్ళు పోయాయి. పాతవాళ్ళలో మిగిలింది ఒక్క మా బావగారే. ఆయన చుట్టూ మేమంతా కుర్రాళ్ళం చేరాం. రెండేళ్ళపాటు ఒక్క ఆటా నెగ్గలేదు. ఇక ఆ గ్రౌండు కొబ్బరి ఆరబోసుకోవడానికి ఇచ్చేద్దామని ఊరి పెద్దలు మాట్లాడుకుంటున్నారు. సరిగ్గా అప్పుడు మా హైస్కూలుకి కొత్త డ్రిల్లు మాస్టారు బదిలీ మీద వచ్చారు. కాకినాడలో ఆడిన మనిషి. సాయంత్రాలు మా జట్టుని చూడమంటే సరేనన్నారు. మాకు కోచ్ అంటూ ఉండటం అదే మొదలు, అందుకని పేరుతో పనిలేకుండా కోచ్ గారైపోయారు.

కోచ్ వస్తే ఏదో మంత్రం వేస్తాడనుకున్నాం. వచ్చినాయన పొట్టిగా, బట్టతలతో, మెళ్ళో విజిలుతో, ఎండైనా వానైనా చేతిలో గొడుగుతో ఉండేవారు. చిన్నవాళ్ళని కూడా మీరు అనేవారు. మలికిపురంలో మా ఆట మొదటిసారి చూశారు. మామూలుగానే ఓడిపోయాం. తిరుగు బస్సులో నా పక్కన కూర్చుని, "మీరంతా బంతి ఆయనకే ఇస్తారేవండీ?" అని అడిగారు.

"బావగారు కదండీ" అన్నాను.

నాకు అంతకన్నా చెప్పడానికేమీ లేదు మరి. ఆ జట్టులో సగంమంది చుట్టాలం. ఆయన నాకు బావగారైతే ఒకడికి మావయ్యగారు, ఇంకొకడికి బాబాయిగారు. ఎదురుగా గోలు ఖాళీగా ఉన్నా సరే, పెద్దాయన ఉండగా మనం కొట్టడమేమిటన్నది మా బుద్ధి. పెళ్ళి పంక్తిలో ముందు పెద్దలకి వడ్డించినట్టు బంతి తీసుకెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర పెట్టేవాళ్ళం. ఎదుటి జట్లకి ఈ సంగతి ఎప్పుడో తెలిసిపోయింది. ఇద్దర్ని ఆయనకి కాపలా పెట్టి మమ్మల్ని గాలికి వదిలేసేవారు.

కోచ్ గారు నవ్వలేదు. "బంతికి వరసలు తెలీవండీ" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు సాయంత్రం బావగారింటికి వచ్చారు. చదువుకని నేనూ అక్కడే ఉండేవాణ్ణి. అరుగు మీద కూర్చోబెట్టి అక్క కాఫీ ఇచ్చింది. ఆయన తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు చెప్పారు.

"తమరు ఇకమీదట వెనక ఆడాలండి. మన గోలు ముందు, డిఫెన్సులో."

బావగారి మొహం మాడిపోయింది. "ఇన్నేళ్ళూ ముందు ఆడినవాణ్ణండీ. ఇప్పుడు వెనక్కి తోసేస్తే ఊళ్ళో తలెత్తుకోవద్దేంటండీ?"

"ముందుంటే తమరికి ఎవరూ కనబడరండి. వాళ్ళకేమో తమరొక్కరే కనబడతారు. వెనక నిలబడితే తమరికి అందరూ కనబడతారు."

బావగారు లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఇంటికొచ్చిన మనిషిని అరుగు మీద వదిలేసి లేచిపోవడం మా వైపు చిన్న సంగతి కాదు. కోచ్ గారు మాత్రం "కాఫీ బాగుందమ్మా" అని అక్కతో చెప్పి, చెప్పులు వేసుకుని వెళ్ళారు.

బావగారు ఆట మానేశారు. ఆయన వెనకే కొందరు చుట్టాలూ మానేశారు. నేను మానలేదు కాబట్టి నాతో మాటలు మానేశారు. "మీ బావ పరువు తీసిన ఆట నీకెందుకురా?" అని అక్క అన్నం వడ్డిస్తూనే కళ్ళు తుడుచుకునేది. జట్టు నిలబడితే ఇల్లు నిలబడేలా లేదు. ఒకరోజు ఆ మాటే కోచ్ గారితో అంటే, "ఆయన కోపం నా మీదండీ. మీరు ఇంట్లో ఎదురు చెప్పకండి, గ్రౌండుకి రావడం మానకండి" అన్నారు. రెండూ పాటించాను.

ఆయన మిగిలినవాళ్ళతోనే మొదలుపెట్టారు. వానలకి గ్రౌండు మునిగితే ఆ నీళ్ళలోనే ఆడించారు. నీళ్ళలో బంతి దొర్లదు, ఎవరికివ్వాలో ముందే చూసుకుని లేపి కొట్టాలి. గోల్‌కీపరు అంతర్వేది వైపు పడవలవాళ్ళ అబ్బాయి. వాడు దూకడం నేర్చుకోవడానికి కొబ్బరిపీచు తెప్పించి పరుపులా వేయించారు. వేదం చెప్పుకునే ఇంటి నుంచి సన్నపాటి కుర్రాడొకడు వచ్చేవాడు. మాలో ఎవరికీ ఏ వరసా కాడు, బంతి ఎవరూ ఇచ్చేవారు కాదు. వాణ్ణి తీసుకెళ్ళి బావగారి చోట పెట్టారు. ఎడమవైపు ఆడే నాకు మాత్రం ఎప్పుడూ ఒకటే మాట: "బంతి రాకముందే వెనక్కి ఓసారి చూసుకోండి." నేను మర్చిపోతే విజిలు మోగేది.

కోతలయ్యాక అమలాపురంలో టోర్నమెంటు. అక్కడా ఒక్క ఆటైనా నెగ్గకపోతే గ్రౌండు పోయినట్టే. మానేసినవాళ్ళలో కొందరు తిరిగొచ్చినా ఆ పొద్దున్న మాకు ఒకడు తక్కువ. బస్సు కదలబోతుంటే బావగారు ఎక్కారు. పొద్దున్నే లేచి తనంతట తనే బూట్లు వెతుక్కున్నారని అక్క తరవాత చెప్పింది. ఎవరితోనూ మాట్లాడకుండా వెనక సీట్లో కూర్చున్నారు. కోచ్ గారు సంచీలోంచి ఒక బనీను తీసి వెనక్కి అందించారు.

ఆయన వెనక నిలబడ్డారు. కాపలా పెట్టిన ఇద్దరూ ఆయన ఎక్కడున్నారో వెతుక్కుంటూ తిరిగారు. ఆట చివర్లో బంతి ఆయన దగ్గరికి వచ్చింది. నేను వెనక్కి చూశాను. ఆయన నన్నే చూస్తున్నారు. మాటలు లేని ఆ కొన్ని నెలల్లో ఆయన నాకేసి చూడటం అదే మొదటిసారి. బంతి వచ్చి నా కాళ్ళ ముందు పడింది. నేను వేదం ఇంటి కుర్రాడికి ఇచ్చాను, వాడు గోలు కొట్టాడు.

తరవాతి ఆట ఓడిపోయాం, కప్పూ రాలేదు. కానీ గ్రౌండు మాకే మిగిలింది. నెగ్గిన ఆ ఆట అయ్యాక కోచ్ గారు చప్పట్లు కొట్టలేదు. సోడాలు తెప్పించి మొదటిది బావగారి చేతికిచ్చి, "గ్రౌండు బయట తమరే ముందండి" అన్నారు. బావగారు నవ్వేశారు. ఇంటికెళ్ళాక, "అబ్బాయ్, కాళ్ళు కడుక్కుని రా, తిందాం" అని నన్ను పిలిచారు. కోచ్ గారు మాకు ఏమిచ్చారని ఎవరైనా అడిగితే నాకు గుర్తొచ్చేది ఆ పిలుపే.

రిటైరయ్యాక కూడా ఆయన మా ఊళ్ళోనే ఉండిపోయారు. మొన్న పాడె మోసిన నలుగురం ఆ జట్టువాళ్ళమే. పెద్దవారు, ముందుకి రమ్మని బావగారిని అందరూ పిలిచారు. "వద్దండి. ఇక్కణ్ణుంచి అందరూ కనబడతన్నారు" అని ఆయన గుంపుకి ఆఖర్న నడిచారు.

గోదావరి ఒడ్డున కొడుకు నిప్పు పెట్టాక, ఇక వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపొమ్మని పంతులుగారు చెప్పారు. అందరం గట్టెక్కి నడిచాం. నాకు అప్పటికీ ఏడుపు రాలేదు. కాళ్ళు నడుస్తున్నాయి, అంతే. మలుపు దగ్గర అలవాటుకొద్దీ ఓసారి వెనక్కి చూశాను. బావగారు ఇంకా అక్కడే ఉన్నారు. ఆయన మొహం నాకు కనబడలేదు. మంటకేసి తిరిగి, కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి, డిఫెన్సులో నిలబడినట్టు నిలబడి ఉన్నారు.