కాలువ వంతెన దాకా

మా నాన్నకు అన్న, మా పెద్దబాపు, మొన్న బుధవారం పొద్దున చొప్పదండిలో కన్నుమూశాడు. "నిద్రల్నే పోయిండురా" అని ఆయన కొడుకు ఫోన్ చేశాడు. గుండెకు బైపాస్ అయ్యాక ఎనిమిదేళ్లు బతికాడు. ఆ ఎనిమిదేళ్లలో ఆయన నడిచిన నడకలో కొంత నేనూ నడిచాను కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

బోథ్ నుంచి కరీంనగర్‌కు ఏళ్ల తరబడి బస్సు నడిపిన మనిషి. ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన రోజు దగ్గడానికి కూడా భయపడుతూ రొమ్ముకు దిండు అదుముకుని కూర్చున్నాడు. రోజూ కొంత కొంత పెంచుకుంటూ నడవమన్నాడు డాక్టరు. పెద్దమ్మ గడపకు అడ్డం నిలబడింది. "నడుమల పడితే ఎవలు జూస్తరు? ఒక్కన్ని పంపియ్య" అంది. తోడు వెళ్లే ధైర్యమూ ఆమెకు లేదు. తన కళ్ల ముందే పడిపోతాడేమోనని భయం.

అందుకని ఆయన పరామర్శకు వచ్చినవాళ్లను పట్టుకున్నాడు. చర్చివాళ్లు బత్తాయిలతో వచ్చి కుర్చీ లాక్కునేలోపే చెప్పులు వేసుకునేవాడు. "కూసోని పాపం పాపం అంటే నాకేమొస్తది? ప్రార్థన నడుసుకుంట జేద్దాం, లెవ్వుండ్రి" అనేవాడు.

ముందు కిరాణం కొట్టు, తర్వాత పిండిగిర్ని, చివరికి కాలువ వంతెన. అన్నీ ఆయనకు బస్సు స్టేజీలే. ఒకసారి మా పాస్టరు అయ్యగారికే ఆయాసం వచ్చింది. "అయ్యగారిని గిర్ని స్టేజిల దింపొచ్చిన" అని వాడకట్టంతా చెప్పాడు. బైపాస్ కోసం నరం తీసిన కాలు వాచిందని "ఇగ సాలు పెద్దబాపూ" అన్నాను ఒకరోజు. కోపంగా చూశాడు.

"మంచాల పండెటందుకు గుండె కోయిచ్చుకోలేదురా. తిరిగెటందుకు కోయిచ్చుకున్న."

నాకు సిగ్గేసింది.

నెలన్నరకు వంతెన చేరాడు. తర్వాత ఒక్కడే వెళ్లేవాడు. వీధి వంతెన దాకా తిన్నగా ఉంటుంది కాబట్టి పెద్దమ్మ గడపలో నిలబడి చూస్తుండేది. వంతెన మీద కూర్చుని ఆయన చెయ్యి ఊపితేనే ఆమె ఊపిరి పీల్చుకునేది. "ఒక్కసారన్న రారాదే" అని రోజూ పిలిచేవాడు. "నాకు భయం, నువ్వే పోయి రా" అనేది.

సమాధి చేసిన మర్నాడు ఇంటి ముందు కుర్చీలు వేశారు. వాకిలి నిండా జనం కూర్చున్నారు. పెద్దమ్మ లేచి చెప్పులు వేసుకుంది.

"ఎందుకు కూసున్నరు? ఆయన కూసోనిస్తుండెనా? నడువుండ్రి."

అందరం లేచాం. కిరాణం కొట్టు దాటాం. అయ్యగారు ఈసారి గిర్ని దగ్గర ఆగలేదు. వంతెన చేరాక పెద్దమ్మ ఆయన రోజూ కూర్చునే చోట కూర్చుంది.

"గింతేనా? గడపల నిలవడి జూస్తే ఎంతో దూరం అనిపిస్తుండె. గీడిదాక రానీకేనా నేను ఎనిమిదేండ్లు భయపడ్డది?" అని ఏడ్చింది.

తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని, ఇంటివైపు తిరిగి, తాను లేని ఆ గడపకు చెయ్యెత్తి ఊపింది.