నతానియేలు భయాల దుకాణం

నతానియేలు ఎవరినీ "బాగున్నారా?" అని పలకరించడు. "మీకు దేనికి భయమండీ?" అని అడుగుతాడు. అడిగి ఊరుకున్నా బాధ లేకపోను. మనం చెప్పిన భయాన్ని పట్టుకుపోయి, తను తయారుచేస్తున్న దెయ్యాల వీడియో గేములో పెట్టేస్తాడు.

2003లో ఆయన ఆఫీసు బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సెల్లార్‌లో ఉండేది. ఆటో బసవయ్య తనకు పోలీసు విజిలంటే భయమని నోరు జారాడు. వారం తిరక్కుండా గేములో తల లేని పోలీసొకడు విజిలూదుకుంటూ తిరగసాగాడు.

"తల లేనివాడు విజిలెలా ఊదుతాడు సార్?" అంది ఆఫీసులో పనిచేసే హేమ.

"అదే కదండీ భయం!"

ఇంటి ఓనరు పద్మావతమ్మగారి పేరు చెప్పి ఒక లెవెల్ నిండా బల్లుల్ని పాకించాడు. ఆవిడ మెట్లు దిగొచ్చి, "నాకు బల్లులంటే భయమని ఎవరయ్యా చెప్పింది? చీపురుతో కొట్టి అవతల పారేస్తాను!" అని కేకలేసింది.

"పైకి అలాగే అంటారు లెండి," అన్నాడు నతానియేలు.

చివరికి పెళ్లిచూపులకు వెళ్లి, అమ్మాయి తండ్రిని కూడా అదే అడిగాడు. ఆయన "మీలాంటి అల్లుడు దొరుకుతాడేమోనని" అని, వస్తున్న కాఫీని వెనక్కు పంపించేశాడు. సంబంధం పోయింది గానీ గేముకు ఇంకో లెవెల్ వచ్చింది.

ఆ గేము ఆడి తప్పులు పట్టడం హేమ ఉద్యోగం. తనను ఎప్పుడు అడుగుతాడోనని ఆమెకు రోజూ గుండె దడే. హేమకు చీకటంటే భయం. పుట్టి పెరిగింది ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ కాలనీలో. కరెంటు పోవడమంటే ఏమిటో బెజవాడ వచ్చాకే తెలిసింది. కరెంటు తయారయ్యే ఊరి పిల్లకు చీకటంటే భయమని తెలిస్తే అందరూ పగలబడి నవ్వుతారు. అది గేములోకి ఎక్కిన రోజున ఉద్యోగం మానెయ్యాల్సిందే అనుకుంది.

పట్టపగలు కరెంటు పోయినా ఆ సెల్లార్‌లో కళ్లు తెరిచినా మూసినా ఒకటే. హేమ బల్ల అంచు పట్టుకుని ఊపిరి బిగబట్టేది. సరిగ్గా అప్పుడే మూలనుంచి నతానియేలు గొంతు లేచేది. "ఒంటెలంటే ఎవరికైనా భయమా అండీ? పోనీ, బూందీ లడ్డూ అంటే?" కరెంటు వచ్చేదాకా ఆ వాగుడు ఆగేది కాదు. చీకట్లో కూడా ఇదే పిచ్చా అని హేమ విసుక్కునేది.

ఒకరోజు హైదరాబాదు నుంచి, గేముల సీడీలు అమ్మే సూర్యప్రకాష్ వచ్చాడు. ఆయన సరేనంటేనే ఆఫీసు నిలిచేది.

"నెత్తురు లేదేమండీ? మార్కెట్టంతా ఇప్పుడు నెత్తురే," అన్నాడు.

"రెండు బకెట్ల ఎర్రరంగు పోసి అదే భయమంటున్నారండీ పెద్ద కంపెనీలవాళ్లు. భయమంటే పరీక్ష పేపర్లు దిద్ది తెస్తున్న మాస్టారి చెప్పుల చప్పుడు!" అన్నాడు నతానియేలు.

సూర్యప్రకాష్‌కు చూపించడానికి హేమ ఆడుతూ ఆఖరి లెవెల్‌కు చేరింది. అంతకుముందు దాన్ని నతానియేలు ఆమెకు చూపించలేదు. తెర మొత్తం నల్లబడింది. సెల్లార్, ఒక బల్ల, చిమ్మచీకటి. ఇది తనదే! అడక్కుండానే దొంగిలించాడు! ఏడుపు తన్నుకొచ్చింది. చీకట్లో ఏదో దగ్గరకు పాకుతోంది. అంతలో స్పీకర్లోంచి నతానియేలు గొంతు, "ఒంటెలంటే భయమా అండీ?" అంది. పాకేది టక్కున ఆగిపోయింది.

"ఆ గొంతు తీసేయండి. భయపడేవాడికి తోడెందుకు?" అన్నాడు సూర్యప్రకాష్.

"అది మాత్రం తీయనండి. నా చిన్నప్పుడు తుఫానొస్తే మా అమ్మ శౌరమ్మ తెల్లవార్లూ మాట్లాడుతూనే ఉండేది. పులుసులో ఉప్పెక్కువైందనీ, పక్కింటి కోడి గుడ్డు పెట్టలేదనీ. ఇంటికప్పు లేచిపోతుంటే కోడి గొడవేంటమ్మా అంటే, నా మాట వినపడినంతసేపూ నువ్వు ఒక్కడివే లేవని తెలుస్తుంది కదరా, అనేది."

"అయితే మేం తీసుకోలేం," అని సూర్యప్రకాష్ లేచాడు.

కరెంటు పోయింది. యూపీఎస్ రెండుసార్లు కుయ్యిమని అదీ చచ్చింది. హేమ నతానియేలు గొంతు కోసం ఎదురుచూసింది. గేము పోయిన దిగులుతో కాబోలు, ఆయన నోరు పెగల్లేదు. ఎక్కడో కుర్చీ పడింది.

"ఎవరండీ? నాకేదో తగిలింది!" సూర్యప్రకాష్ గొంతు వణుకుతోంది.

హేమ ధైర్యం కూడదీసుకుంది.

"సార్, మీకు ఒంటెలంటే భయమా?"

"లే... లేదమ్మా."

"పోనీ, బూందీ లడ్డూ అంటే?"

"షుగరుంది, కొంచెం భయమే. ఆపకమ్మా, మాట్లాడుతూ ఉండు!"

వెలుగొచ్చేసరికి సూర్యప్రకాష్ కంప్యూటర్ని కావలించుకుని ఉన్నాడు. చొక్కా సర్దుకుని, "ఆ గొంతు ఉండనివ్వండి. కాగితాలు పంపిస్తాను," అని గబగబా మెట్లెక్కాడు.

"అందరినీ అడిగారు. నన్నెందుకు అడగలేదు సార్?" అంది హేమ.

"కరెంటు పోయినప్పుడల్లా మీ బల్ల గడగడలాడుతుంటే ఇంక అడిగేదేముందండీ? అందుకే వాగుతుంటాను."

హేమ కళ్లు తుడుచుకుని నవ్వేసింది.

"మరి మీకు దేనికి భయం సార్?"

ఆ మాట ఆయన్ని ఎవరూ అడిగినట్టు లేదు. కంగారుగా అటూ ఇటూ చూశాడు. పద్మావతమ్మగారు మెట్ల మీద లేరని రూఢి చేసుకుని, గొంతు తగ్గించాడు.

"బల్లులండీ."