అపొలోనియా పెళ్లికి నలుగురు పిల్లలు

అపొలోనియాను మా ఊళ్లో ఇరవై రెండేళ్లు ‘ఫాదరుగారి వంటమనిషి’ అన్నాం. అది ఎదురుగా అన్న మాట. వెనకాల అన్నవి రాయను. వాటిలో సగం నా నోటి నుంచి వచ్చినవే. నేను రొట్టెల కొట్టు వాల్‌పుర్గాను. నా నోరు ఎలాంటిదో రైన్ నది రెండు గట్లకూ తెలుసు.

వెండెల్ ఫాదరు మంచివాడే, కాని ఫాదర్లకు పెళ్లి నిషిద్ధం. ఆయన వల్ల అపొలోనియాకు బిడ్డ పుట్టినప్పుడల్లా బిషప్పుగారి మనుషులు వచ్చి జరిమానా పట్టుకుపోయేవారు. పాపం మానమని మాత్రం ఎవరూ అనలేదు, మానితే వాళ్లకు రాబడి ఏది? నలుగురు పిల్లలను అపొలోనియా నార వడుకుతూ పెంచింది. ఎంత అన్నా తిరిగి ఒక్క మాట అనేది కాదు. నాకు అదే ఒళ్లు మంట.

అప్పుడు విట్టెన్‌బర్గ్ నుంచి, బిషప్పులను ఎదిరించినవాళ్లు రాసిన చిన్న చిన్న పుస్తకాలు వచ్చాయి. ఫాదరు పెళ్లాడితే దేవుడికి కోపం రాదని వాటిలో ఉంది. పొరుగూళ్లలో ఇద్దరు ఫాదర్లు పెళ్లి చేసేసుకున్నారు. మావాడు మాత్రం ఆర్నెల్లు నాన్చాడు.

అంతలో ఆమె పెద్దకూతురు ఒటిలియాను చేసుకుంటానని యెర్గ్ అనే నేతగాడు ముందుకొచ్చాడు. పెళ్లికాని తల్లికి పుట్టిన పిల్లను చేసుకుంటే మగ్గం లాగేసుకుంటామని నేతసంఘం పెద్ద బర్తోల్మే తేల్చి చెప్పాడు. ఆ రోజు పక్కింటి గోడలోంచి అపొలోనియా ఫాదరు మీద గొంతెత్తడం మొదటిసారి విన్నాను.

“నాకు పెళ్లి లేకపోయినా సరిపెట్టుకున్నా. నా కూతురికీ లేకుండా చేస్తావా? ఆదివారం పెళ్లికి చర్చి గుమ్మం దగ్గర నిలబడతా. రాకపోతే సోమవారం నుంచి నీ కూడు నువ్వే వండుకో.”

“బిషప్పు వెలేస్తాడే.”

“నన్ను ఈ ఊరు ఎప్పుడో వెలేసింది. చచ్చానా?”

ఆదివారం మంచు కురుస్తుండగా వెండెల్ వచ్చాడు. పెళ్లి జరిపించడానికి పొరుగూరి ఫాదరు వచ్చాడు. పెళ్లికి ముందు పుట్టిన పిల్లలు దీవెన ముగిసేదాకా తల్లి పైదుప్పటి కింద నిలబడితే, ఆ పెళ్లిలో పుట్టినట్టే లెక్క. అది తాతల నాటి ఆచారం. కాని మా ఊరి కట్టుబాటు ప్రకారం నేలదాకా దుప్పటి పెళ్లైన ఇల్లాళ్లకే. ఫాదర్ల ఆడవాళ్లకు మోకాళ్ల వరకే. చిన్నవాళ్లు ముగ్గురూ దూరారు. నిట్రాటలా ఎదిగిన ఒటిలియా ఎంత వంగినా సగం బయటే ఉంది.

“బయటున్నది లెక్కలోకి రాదు,” అన్నాడు బర్తోల్మే, పిల్లల పుట్టుక రాసే సంఘం కాగితం చేత పట్టుకుని. “ముగ్గురినే రాస్తా.”

“అమ్మా, చిన్నవాళ్లని ఉంచు. నేను పోతాలే,” అంది ఒటిలియా.

ఈ పిల్లనా నేను ఇన్నాళ్లూ నానా మాటలూ అన్నది? నా దుప్పటి తీసి, నలుగురూ మునిగేలా అపొలోనియా భుజాల మీద కప్పేశాను.

“వాల్‌పుర్గా, అది ఇల్లాళ్ల దుప్పటి. ఆవిడకి కట్టుబాటు ఒప్పదు,” అన్నాడు బర్తోల్మే.

“ఆవిడ వేసుకోలేదు, నేను కప్పా. తప్పేదో నాకు వెయ్యి. కాస్త పక్కకి జరుగు, లోపల పిల్లలకి గాలాడట్లేదు.”

జనం నవ్వారు. అపొలోనియా మాత్రం నావైపు తిరిగి, “నీకు చలేస్తుందేమో అక్కా,” అంది. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

దీవెన ముగిసింది. నలుగురూ జుట్లు రేగిపోయి బయటికి వచ్చారు. బర్తోల్మే మెట్టు మీద కూర్చుని, మూతి ముడుచుకుని, నాలుగు పేర్లూ రాశాడు.

“ఒటిలియాది చదువు,” అంది అపొలోనియా.

“ఒటిలియా, వెండెల్‌కూ అతని భార్య అపొలోనియాకూ సక్రమంగా పుట్టిన కూతురు,” అని గొణిగాడు.

“మళ్లీ చదువు. ఈసారి వెనక నిలబడ్డవాళ్లకీ వినబడాలి.”