మా వీధి కాలవ, మావయ్యగారి తృప్తి

నేను తృప్తి చెందానని కంప్యూటర్ చెప్పింది. నాకు తెలియకుండా నేనెప్పుడు తృప్తి చెందానో అర్థంకాక వార్డు సచివాలయంలో అలా నిలబడిపోయాను.

"మీ అర్జీ క్లోజ్ అయిపోయిందండీ. సమస్య పరిష్కారమైంది, అర్జీదారు సంతృప్తి వ్యక్తం చేశారు అని ఉంది, చూడండి," అంటూ సెక్రటరీ తెర నావైపు తిప్పాడు.

"అర్జీదారంటే నేనేగా?"

"మీ ఇంటి నంబరే ఉందండీ."

"మరి నేనేమీ వ్యక్తం చెయ్యలేదుగా?"

అతను తెర వంకా, నా వంకా మార్చి మార్చి చూశాడు. మా ఇద్దరిలో ఎవర్ని నమ్మాలో తేల్చుకోలేకపోయాడు పాపం. మళ్లీ అర్జీ రాయించి ఇంటికొచ్చాను.

గొడవంతా కాలవ గురించి. మా వీధి మురుగు కాలవ వెడల్పు చేస్తామని ఉగాదికి ముందు పొక్లెయిన్ తెచ్చారు. ఒక్క పూటలో ప్రతి ఇంటి ముందూ ఉన్న పలకలూ మెట్లూ పెళ్లగించి, నడుం లోతున తవ్వేసి వెళ్లిపోయారు. కాంక్రీటు పోసి పైన పలకలు మేమే వేస్తాం, ఈలోగా మీరేమైనా కట్టుకుంటే మళ్లీ పగలగొడతాం అని వెళ్తూ వెళ్తూ చెప్పారు. ఆ మాటకి జడిసి నూజివీడులో మా వీధి వీధంతా చేతులు ముడుచుకుని కూర్చుంది. మా ఆయన ఎక్కడినుంచో రెండు తాటిదుంగలు తెచ్చి గేటు ముందు కాలవకి అడ్డంగా వేయించారు. ఆయన హనుమాన్ జంక్షన్‌లో పురుగుమందుల కొట్టుకి వెళ్లాలి కాబట్టి బండి వీధిలోనే పెట్టేసి, పొద్దున్నే దుంగల మీద నడిచి అవతలికి వెళ్లేవారు. నేను కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, దేవుణ్ణి తలుచుకుని దాటేదాన్ని.

దాటలేకపోయింది మావయ్యగారు ఒక్కరే. చలికాలంలో బాత్రూంలో జారిపడి తుంటికి ఆపరేషన్ అయింది. చేతికర్రతో వీధి మలుపు దాకా వెళ్లొచ్చే స్థితికి వచ్చారో లేదో, ఈ కాలవ వచ్చి పడింది. దాంతో గేటు లోపలే ఉండిపోయారు.

ఆయన బయటికి వెళ్లి తీరాల్సిన పని ఒకటి ఉంది. రెడ్డిగూడెం దగ్గర మాకు చిన్న మామిడి తోట ఉంది. కాపు పూత మీదే అమ్మేస్తాం. బావి పక్కనున్న చిన్నరసం చెట్టు మాత్రం ఇంటికి ఉంచుకుంటాం. ఏటా ఆ చెట్టు తొలికాయ మావయ్యగారే చిక్కం కట్టిన గెడతో కోసి, తొడిమ దగ్గర వాసన చూసి, "ఇంక కొయ్యొచ్చు" అనాలి. ఆయన ఆ మాట అనకుండా మా ఇంట్లో ఎవరూ పండు ముట్టుకోరు. కాపు కొన్నతను ఫోన్ చేసి, మీ చెట్టు కాయ పక్వానికొచ్చిందండీ, ఇంకా ఆగితే రాలిపోతుంది అన్నాడు. మావయ్యగారు విని తలూపారు. కుర్చీలో కూర్చోబెట్టి అవతలికి దాటిస్తాం నాన్నా అని మా ఆయన అంటే నవ్వేశారు.

"నన్ను నలుగురు మోసేది ఒక్కసారేరా. అది మామిడికాయ కోసం ఎందుకు?"

ఇంక నేనేం చెయ్యను? సచివాలయం మీద పడ్డాను. రెండో అర్జీ కూడా క్లోజ్ అయింది. ఈసారి కూడా నేను తృప్తిగానే ఉన్నానట! నాకు ఒళ్లు మండిపోయింది. కాలవని ఫోటోలు తీసి, దుంగల్ని ఫోటోలు తీసి, ఆ సెక్రటరీ మొహాన పెట్టి చూపించాను.

"ఇది తృప్తిలా ఉందా మీకు? మీరే క్లోజ్ చేస్తున్నారు, ఒప్పుకోండి."

"మా అమ్మ మీద ఒట్టండీ, నేను ముట్టుకోలేదు. పైనుంచే క్లోజ్ అయిపోతోంది."

"పైనుంచి అంటే ఎవరు?"

"అదే నాకూ తెలీదండీ," అన్నాడు. అబద్ధమాడుతున్నట్టు లేడు.

ఇంటికొస్తే మా ఆయన, "నువ్వే ఫోన్లో ఏదో నొక్కేసుంటావు," అన్నారు. ఆ మాట పట్టుకుని నా ఫోనంతా వెతికాను. ఏమో, కునుకు పట్టినప్పుడు చెయ్యి తగిలిందేమోనని కూడా అనుకున్నాను. పక్కింటి పిన్నిగారైతే గొంతు తగ్గించి, "మన వీధిలోవాళ్లే ఎవరో చేయిస్తున్నారే. వాళ్ల గుమ్మం దగ్గర పలకలు ముందుగా వేయించుకోవాలని," అన్నారు. అంతే, నాకు అందరి మీదా అనుమానమే. ఎదురింటావిడ పెరుగు తోడు అడగడానికొస్తే, ఇంట్లో నిండుగా ఉంచుకుని కూడా లేదనేశాను. ఆవిడ ఖాళీ గిన్నెతో తిరిగి తాటిదుంగలు దాటుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఎవరు మంచివాళ్లో ఎవరు కాదో నాకేం తెలుస్తుంది? నా బుర్ర పనిచెయ్యడం మానేసింది.

మూడో అర్జీ ఇచ్చాక ఒక మధ్యాహ్నం పెరట్లో ఆవకాయ ముక్కలు తుడుస్తున్నాను. ఇంకో పొడిగుడ్డ కోసం లోపలికొస్తే వసారాలో మావయ్యగారి గొంతు వినిపించింది. పాత బటన్ల ఫోన్ చెవికి ఆనించుకుని మాట్లాడుతున్నారు.

"ఆఁ, ఆఁ, కాలవ సంగతే కదూ... బాగానే ఉందమ్మా... ఆఁ, తృప్తిగానే ఉన్నాం... నువ్వు భోంచేశావా తల్లీ? సరే, ఉంటానమ్మా."

నా చేతిలో తడిగుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

"ఎవరండీ మావయ్యగారూ?"

"ఆ పిల్లేనమ్మా. మున్సిపాలిటీ తరఫున ఫోన్ చేస్తుంటుంది. కాలవ పని అయిందా, మీకు తృప్తేనా అని అడుగుతుంది. ఎంత మర్యాదగా మాట్లాడుతుందో!"

"మీరేమన్నారు?"

"బాగానే ఉందన్నాను."

ఇల్లు ఆయన పేరు మీద ఉంది. నేను ఇంటి పన్ను నంబరు చెప్పి అర్జీ పెట్టాను. ఆ నంబరుకి ఎక్కించి ఉన్నది ఆయన ఫోను. ఇన్నాళ్లూ ఊరంతా దొంగని వెతికాను కదా, దొంగ మా వసారాలో పడక్కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"బాగానే ఉండటమేంటండీ! గేటు ముందు అంత గొయ్యి పెట్టుకుని! మీరు బయటికెళ్లడానికే కదా నేను ఎండలో పడి తిరుగుతున్నది!" అని అరిచేశాను. ఆయన మీద గొంతెత్తడం నాకు అదే మొదలు.

ఆయనకి కోపం రాలేదు. తికమకపడ్డారు. "అంత దూరం నుంచి ఫోన్ చేసి అడిగిన పిల్లకి బాగాలేదని ఎలా చెప్తామమ్మా? మన ఇంటి ఇబ్బంది మనది."

"చెప్పమనే కదండీ అడిగేది!"

"అలాగా?" అన్నారు. నిజంగానే తెలియదు ఆయనకి. "ఎలా ఉన్నారంటే బాగున్నామనే కదా అంటాం ఎవరమైనా?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయనంతే. మా అత్తగారు పోయినప్పుడు పలకరించడానికొచ్చినవాళ్లకి కూడా, "అంతా బాగానే జరిగిందండీ," అన్న మనిషి. పెరట్లోకి వెళ్లి మళ్లీ ముక్కలు తుడవడం మొదలుపెట్టాను. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయాను. రోజూ పొద్దున కాఫీ ఇస్తూ, "నొప్పెలా ఉందండీ?" అని అడుగుతాను. "బాగానే ఉందమ్మా," అంటారు. ఇందాక ఫోన్లో అన్న గొంతే, ఆ తీరే. నేను సరేనని వంటింట్లోకి వెళ్లిపోతాను. ఆ పిల్ల ఎప్పుడో ఒకసారి క్లోజ్ చేస్తోంది, నేను రోజూ చేస్తున్నాను.

చేతులు కడుక్కుని వెళ్లి ఆయన ఎదురుగా గడప మీద కూర్చున్నాను.

"మావయ్యగారూ, నేను మున్సిపాలిటీ కాదు. నిజం చెప్పండి, నొప్పెలా ఉంది?"

ఆయన చేతికర్ర పిడి తిప్పుతూ కూర్చున్నారు.

"పడుకుంటే పక్కకి తిరగలేకపోతున్నానమ్మా," అన్నారు చివరికి. "ఆ దుంగలంటే భయంగా ఉంది. నువ్వు పెరట్లో ఉన్నప్పుడు గేటు దాకా వెళ్తాను. దాటేద్దామనే అనుకుంటాను. కాలు రాదు. చెట్టు మీద కాయ అయిపోతోంది కదా అని వెళ్తాను, మళ్లీ వెనక్కొచ్చి కూర్చుంటాను."

నాకు కళ్లనీళ్లు వచ్చేశాయి. దాచుకోలేదు కూడా.

ఆ సాయంత్రమే డాక్టరుకి ఫోన్ చేసి మందు మార్పించాం. సచివాలయంలో ఇంకో అర్జీ పడేశాను. శనివారం పొద్దున్నే మా ఆయన ఆటో తెచ్చి కాలవ అవతల ఆపించారు. మావయ్యగారిని వెనక నుంచి ఆయన పట్టుకుంటారు, ముందు నేను. మా ఇళ్లల్లో కోడలు మావగారిని ముట్టుకోదు. పెళ్లయ్యాక ఇన్నేళ్లలో దణ్ణం పెట్టినప్పుడు కాళ్లు తాకానేమో అంతే. దుంగ మీద వెనక్కి తిరిగి నిలబడి చెయ్యి చాపాను. ఆయన వీధి అటూ ఇటూ చూశారు. ఎదురింటావిడ వాకిట్లో నిలబడి ఉంది. చూడనీ అనుకున్నాను.

"పట్టుకోమ్మా," అన్నారు. "గట్టిగా పట్టుకో."

ఎముకలు తప్ప ఏమీ లేని చెయ్యి. నేను వెనక్కి, ఆయన ముందుకి, ఒక్కో అడుగూ వేసుకుంటూ దాటేశాం. అవతల ఎదురింటావిడ ఆయన ఇంకో చెయ్యి అందుకుని, తన చేత్తోనే ఆటో దాకా నడిపించింది. నేను ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను.

తోటలో కాయ సగం రాలిపోయి ఉంది. మావయ్యగారు గెడ ఎత్తారు. చేతులు నిలవకపోతే మా ఆయన కింద పట్టుకున్నారు. చిక్కంలో కాయ పడింది. తొడిమ దగ్గర వాసన చూసి, కళ్లు మూసుకుని ఏదో అనబోతుంటే జేబులో ఫోన్ మోగింది.

ఆ పిల్లే. ఆయన నా వంక చూశారు. నేను ఏమీ సైగ చెయ్యలేదు.

"బాగాలేదమ్మా," అన్నారు ఫోన్లో. ఆ మాట ఆయనకే కొత్తగా ఉన్నట్టుంది, మళ్లీ అన్నారు. "బాగాలేదు. కాలవ అలాగే ఉంది. నా కోడలు చెయ్యి పట్టుకుంటే దాటాను. నాకు తృప్తిగా లేదమ్మా, అలాగే రాసుకో... మరి నువ్వెలా ఉన్నావు తల్లీ?"

అవతల ఆ పిల్ల ఏదో చెప్పడం మొదలుపెట్టింది. ఆయన వింటూ వింటూ బావి గట్టు మీద కూర్చున్నారు. చేతిలో కాయ పక్కన పెట్టి, ఫోన్ మూతి చేత్తో మూసి నాతో అన్నారు.

"ఆ పిల్లకి కూడా బాగాలేదటమ్మా."

మళ్లీ ఫోన్ చెవికి పెట్టుకుని, "చెప్పమ్మా, వింటున్నా," అన్నారు.