అనసూయక్క మిషనుతో పాడించిన జోల

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఇప్పటికీ అంతే. అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

డెబ్బైల్లో పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో కార్డులు పంచ్ చేసే ఉద్యోగం నాది. జీతాల లెక్కలన్నీ అట్టకార్డుల మీద బెజ్జాలుగా కొట్టి కంప్యూటర్‌కు అందించేవాళ్ళం. బీరువాలంత మిషను, దానికో ఏసీ గది. చెప్పులు బయటే విడవాలి. దసరాకు మిషనుకు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాలి.

మిషను మీద ఒక ట్రాన్సిస్టర్ రేడియో ఉండేది. పాటలు వినడానికి కాదు. మిషను పనిచేస్తున్నంతసేపూ దాని కరెంటు తరంగాలు రేడియోకు తగిలి అందులో మోత వచ్చేది. లెక్క ఎక్కడైనా చిక్కుకుని ఒకేచోట తిరుగుతుంటే మోత మారకుండా సాగేది. అది విని మిషను ఆపేవాళ్ళం.

నా పక్కసీటు అనసూయక్కది. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ కాపురం పెట్టిన మనిషి. ఏ లెక్కకు ఏ మోత వస్తుందో చెవితోనే పట్టేసింది. అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు సొంతంగా కార్డులు కొట్టి మిషనుకు పెట్టి చూసేది. ఒకరోజు రేడియోలోంచి జోలపాట వరస వచ్చింది. వాళ్ళమ్మ పాడేదట.

"అక్కా, గిదేంది! మిషన్ పాడుతున్నదా?" అన్నాను.

"నేనే పాడించానే. ఎవరితోనూ అనకు, ఆయన వింటే చంపేస్తాడు" అని నవ్వింది.

ఆయనంటే మా ఆఫీసర్. విన్నాడు. చంపలేదు, అంతకంటే పెద్ద అన్యాయం చేశాడు. కార్డుల కట్ట లాక్కుని, ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దలకు తనే తయారుచేశానని చెప్పి వినిపించాడు. అక్క ఆ గదిలోనే వాళ్ళకు టీ కప్పులు అందిస్తోంది.

"నా పేరు ఒక్కసారి చెబితే ఆయన సొమ్మేం పోయేది?" అంది తర్వాత. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ వానాకాలం పచ్చకామెర్లతో పోయింది.

దసరాకు ఆ పెద్దలే ఆయుధపూజకు వచ్చారు. పట్టపగలు. ఆఫీసర్ అక్క కార్డుల కట్టనే మిషనులో పెట్టించి "దీన్ని నేను తయారుచేసినప్పుడు..." అని మొదలుపెట్టాడు. జోల వస్తోంది. ఇంతలో కొబ్బరికాయ కొట్టిన మహానుభావుడు నీళ్ళు తిన్నగా మిషను మీదే ఒంపాడు. ఎలక్ట్రీషియన్ పరుగెత్తి మెయిన్ ఆపేశాడు. లైట్లు పోయాయి, ఏసీ ఆగింది, మిషను ఆగింది.

రేడియోలో జోల ఆగలేదు.

"ఏదో స్టేషన్ అయ్యుంటుంది, కట్టెయ్" అన్నాడు ఆఫీసర్. ముల్లు ఈ చివర నుంచి ఆ చివరిదాకా తిప్పాను. ఎక్కడ పెట్టినా అదే పాట. స్విచ్ కట్టేసినా అదే పాట. నాకు భయం వేయలేదు. ఒళ్ళు మండిపోయింది.

"సార్, గీ పాట మీది కాదు. అనసూయక్కది. గిప్పుడన్న జెర నిజం చెప్పున్రి" అన్నాను, పెద్దల ముందే.

పాట చివరిదాకా వచ్చి ఆగింది.

తర్వాత రేడియో విప్పి చూశారు. ఏ తేడా లేదు. వైర్లలో మిగిలిన కరెంటు అన్నారొకరు. ఆ కరెంటుకు జోలపాట ఎవరు నేర్పారో చెప్పమంటే రేడియో మూత బిగించేశారు. నాకూ తెలియదు. ఎంత ఆలోచించినా ఇప్పటికీ అంతు చిక్కలేదు.

ఆ గదిలో అందరూ చెవులారా విన్నారు. పాటా విన్నారు, నేను చెప్పిన పేరూ విన్నారు. మిషను తుడిచి ఆరబెట్టాక, సాయంత్రం సభలో ఆ ఆఫీసర్‌కే దండ వేశారు.